యాంప్లిఫయర్ గుయ్‌మంటోంది, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటార్ వాయించి బతుకుతున్నాను. ఆదివారాలు చర్చిలో కూడా వాయిస్తాను. పైడితల్లి అమ్మవారి జాతర ప్రోగ్రాముల కోసమని 2024 సెప్టెంబరు 20న విశాఖలో ఒక షాపులో 38 వేలకు బేస్ యాంప్లిఫయర్ కొన్నాను. అమ్మ గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు అది. మొదటి రోజు నుంచే గుయ్‌మని శబ్దం, దానితోపాటు సన్నగా 'స్స్' అని మరొకటి. చర్చిలో ప్రార్థన వేళ అందరూ నావైపే చూస్తుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను. షాపువాళ్లు 'అన్నీ అంతే, అలవాటైపోతుంది' అంటారు. గట్టిగా అడిగితే వచ్చే వారం మెకానిక్‌ని పంపుతామంటారు. బిల్లు కావాలంటే జీఎస్టీ అదనం అన్నారని చీటీతో సరిపెట్టుకున్నాను. ఫోన్లో వీడియోలు తీశాను. ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేస్తే శబ్దం పోతుందని ఒక ఫ్రెండ్ అన్నాడు. షాపు మీద చీటింగ్ కేసు పెట్టవచ్చా?

జవాబు: మీ కేసును తేల్చే విషయం ఒకటుంది. అది మీ ఉత్తరంలో లేదు. ఆ గుయ్ యాంప్లిఫయర్‌లోనే పుడుతోందా, లేక మీ గిటార్‌లోనో ఇంటి వైరింగ్‌లోనో పుట్టి యాంప్లిఫయర్‌లోంచి వినపడుతోందా? గాజుల సంగతి, చర్చి సంగతి కమిషన్ వింటుంది, కానీ పరిహారం లెక్కకట్టేటప్పుడు. ముందు వస్తువులో లోపం ఉందని రుజువు కావాలి. ఆ భారం మీదే.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం లోపం అంటే చట్టం కోరిన ప్రమాణానికో, ఒప్పందానికో, అమ్మినవారు చెప్పిన మాటకో వస్తువు తక్కువ కావడం. శబ్దం వస్తే చాలు లోపమే అనుకోవడానికి వీల్లేదు. ఏ యాంప్లిఫయరైనా వాల్యూమ్ పెంచితే కొంత 'స్స్' వస్తుంది. ట్వీటర్ (సన్నని స్వరాలకు పెట్టే చిన్న స్పీకరు) ఉన్నవాటిలో అది మరీ తెలుస్తుంది. ఆ ఒక్కదాని మీద కేసు నిలబడదు. గుయ్ సంగతి వేరు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగుతుంది. పవర్ సప్లయ్‌లో కరెంటును నిలకడ చేసే కెపాసిటర్లు సరిగా లేకపోతే దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర గుయ్ వస్తుంది. బేస్ గిటార్ స్వరాలు లావు తీగ దగ్గర 41 హెర్ట్జ్‌తో మొదలై 100 మీదుగా పైకి వెళ్తాయి కాబట్టి ఆ గుయ్‌ని టోన్ నాబ్‌తో తగ్గించబోతే మీ స్వరాలు కూడా పోతాయి. 'అలవాటు చేసుకోండి' అన్న షాపువాడి మాటకు మీరు చెప్పాల్సిన జవాబు ఇదే. మీ మాన్యువల్‌లో సిగ్నల్‌కూ నాయిస్‌కూ నిష్పత్తి (అనవసర శబ్దం కన్నా సంగీతం ఎంత బిగ్గరో చెప్పేది) అని డెసిబెల్స్‌లో అంకె ఇచ్చి ఉంటే ఆ పేజీని జాగ్రత్త చేయండి. కంపెనీ ఇచ్చిన మాట అదే.

ఇక పరీక్ష. గిటార్ కేబుల్ పూర్తిగా తీసేయండి. శబ్దం పోతే తప్పు గిటార్‌ది, లేదా కేబుల్‌ది. గిటార్ తీగల కింద ఉండే పికప్‌లలో సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట) రకం ట్యూబ్‌లైట్ల నుంచీ డిమ్మర్ల నుంచీ గుయ్‌ని పట్టుకుంటుంది. కేబుల్ తీసినా వస్తుంటే వాల్యూమ్ సున్నా చేయండి. అప్పటికీ అంతే ఉంటే అనుమానం పవర్ సప్లయ్ మీదకు, లోపలి సర్క్యూట్ మీదకు వెళ్తుంది. తర్వాత దాన్ని వేరే ఇంటికి, ఎర్తింగ్ సరిగా ఉందని ఎలక్ట్రీషియన్ చూసి చెప్పిన చోటుకు తీసుకెళ్లి ఇదే మళ్లీ చేయండి. రెండు చోట్లా ఒకటే అయితే మీకు కేసు ఉంది. మీ ఇంట్లోనే వస్తే ముందు ఇంటి ఎర్తింగ్ బాగు చేయించుకోండి, షాపు మీదకు వెళ్లకండి.

మీరు తీసిన వీడియోల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. నిశ్శబ్దంలో చిన్న శబ్దాన్ని కూడా ఫోను తనంతట తానే పెంచి రికార్డు చేస్తుంది. ఎదుటి లాయరు మొదట అడిగేది అదే. ఈసారి నాబ్‌లు ఎక్కడున్నాయో, కేబుల్ లేదని, ప్లగ్గు ఎక్కడుందో, వెనక సీరియల్ నంబరు ఏమిటో అన్నీ కనపడేలా ఆపకుండా ఒకే వీడియో తీయండి. వాట్సాప్‌లో పంపిన కాపీ కాదు, ఆ ఫోనులో ఉన్న అసలు ఫైలే ఉంచండి. దానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. వీడియో కన్నా బలమైనది నిపుణుడి రిపోర్టు. జేఎన్‌టీయూ గురజాడ లాంటి చోట ఎలక్ట్రానిక్స్ అధ్యాపకులెవరైనా, మూత విప్పకుండా, కొలిచి రాసిస్తారేమో అడగండి. దొరక్కపోయినా దారి ఉంది: పరీక్ష లేకుండా లోపం తేలని వస్తువును సీలు వేసి ల్యాబ్‌కు పంపే అధికారం వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద జిల్లా కమిషన్‌కు ఉంది. ఆ ల్యాబ్ ఫీజు ముందు మీరే కట్టాలి.

ఎర్త్ పిన్ మాత్రం ముట్టుకోకండి. మీ ఫ్రెండ్ చెప్పినట్టు శబ్దం తగ్గవచ్చు. కానీ ఆ మూడో పిన్ మీ ప్రాణం కోసం ఉంది. లోపల ఎక్కడైనా లైన్ వైరు చాసిస్‌కు (లోపలి ఇనుప చట్రానికి) తగిలితే, ఎర్త్ ఉన్నప్పుడు ఫ్యూజు పోతుంది. ఎర్త్ లేకపోతే ఆ కరెంటు కేబుల్ మీదుగా గిటార్ తీగల్లోకి వస్తుంది. తీగలు పట్టుకుని మైకుకు పెదవి తగిలించారా, మీ ఒంట్లోంచే వెళ్తుంది. పెళ్లి స్టేజీ మీద మీ పక్కవాడికి అలా జరిగి ప్రాణం పోతే, నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యారని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ముద్దాయి మీరే. అయిదేళ్ల దాకా శిక్ష. పైగా పిన్ తీసిన ప్లగ్గు చూపించి 'వాడే పాడుచేశాడు' అని షాపు తప్పుకుంటుంది. లోకల్ మెకానిక్ చేత మూత విప్పించినా అంతే. సౌండ్ మిక్సర్‌కు కలిపినప్పుడే గుయ్ వస్తుంటే రెండింటి ప్లగ్గులనూ ఒకే స్విచ్ బోర్డులో పెట్టండి, లేదా మధ్యలో గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్న డీఐ బాక్సు (సిగ్నల్‌ను మిక్సర్‌కు అందించే చిన్న పెట్టె) వాడండి. అది సిగ్నల్ తీగలో గ్రౌండ్‌ను విడదీస్తుంది. ప్లగ్గు జోలికి వెళ్లదు.

చీటింగ్ కేసు ఆలోచన వదిలేయండి. అమ్మేనాటికే మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని చూపాలి. అది మీ దగ్గర లేదు. స్టేషన్ చుట్టూ తిరిగేలోపు గడువు తీరిపోతుంది.

ఆ గడువే నన్ను కంగారు పెడుతోంది. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్యానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. మొదటి రోజే శబ్దం వచ్చిందని మీరే రాశారు కాబట్టి 2026 సెప్టెంబరు 20 అని లెక్కేసుకోండి. ఆ రోజు ఆదివారం కూడా. ఆగస్టు దాటనివ్వకండి. షాపువాళ్ల 'వచ్చే వారం' గడువును పెంచదు, మీరిచ్చే నోటీసు పెంచదు, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చేసిన ఫిర్యాదూ పెంచదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ తగిన కారణం చూపాలి. ఫోన్ మాటలు నమ్మాననడం బలహీనమైన కారణం. ఇన్నాళ్లలో ఒక్క ఫిర్యాదైనా కాగితం మీద పెట్టకపోవడం మీ తప్పే.

38 వేల వస్తువుకు పన్ను మిగులుతుందని చీటీతో రావడం ఇంకా పెద్ద తప్పు. అయినా దారి మూసుకుపోలేదు. యూపీఐలో కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్, ఆ చీటీ, వాట్సాప్ మాటలు, సీరియల్ నంబరు కలిపితే కొనుగోలు రుజువవుతుంది. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని చట్టమే చెబుతోంది. దాన్ని కూడా ఫిర్యాదులో రాయండి.

'డబ్బు సంపాదించేవాడు వినియోగదారుడు కాడు' అని షాపు వాదిస్తుంది. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొన్న వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందకు రాదు. ఫిర్యాదులో ఈ వాక్యం తప్పకుండా ఉండాలి. యాంప్లిఫయర్‌ను ఇతర బృందాలకు అద్దెకు ఇస్తుంటే దాచకండి, లాయరుకు ముందే చెప్పండి.

ఈ వారమే షాపుకూ, తయారీ కంపెనీకీ (విదేశీ సరుకైతే దిగుమతిదారుకు) స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి: పదిహేను రోజుల్లో బాగు చేయండి, లేదా మార్చండి, లేదా డబ్బు తిరిగివ్వండి అని. జవాబు రాకపోతే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. షాపు విశాఖలో ఉన్నా మీరు విజయనగరంలో ఉంటున్నారు కాబట్టి సెక్షన్ 34 కింద విజయనగరం జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. అయిదు లక్షల లోపు ధరకు ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ల్యాబ్ పరీక్ష కోరుతూ దరఖాస్తు కూడా ఫిర్యాదుతోపాటే ఇవ్వండి. విచారణ ముగిసేదాకా యాంప్లిఫయర్‌ను ప్రోగ్రాములకు తిప్పకుండా ఇంట్లోనే ఉంచండి.