పంపినవాడు ఎక్కడ?

చిరంజీవికి ఆశీస్సులు.

అభిప్రాయం అడుగుతూ నువ్వు పంపిన కథలో ఒక మనిషి చనిపోయాడు. చంపినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఉన్నారేమోనని కథ మొత్తం మళ్ళీ వెతికాను. అతను తెల్లవారుజామున లేస్తాడు, కూతురి తల నిమురుతాడు, కాస్త మందు తాగుతాడు, మ్యాన్‌హోల్‌లోకి దిగుతాడు. అక్కడ చీకటి అతన్ని ‘అమ్మలా ఒడిలోకి తీసుకుంటుంది’. ఆ తర్వాత భార్య ఏడుపు, కూతురి ఏడుపు, వాన. మూత తీసింది ఎవరు? దిగమన్నది ఎవరు? ఎంత ఇస్తామన్నారు? ఏ కాంట్రాక్టరు, ఏ ఇంజనీరు, ఏ కమిటీ? ఒక్క ముక్క లేదు. వాన గురించి మాత్రం ఒకటిన్నర పేజీ ఉంది.

చదివిన రాత్రే జవాబు రాయాల్సింది. ఆ కోపంలో రాస్తే నువ్వు మళ్ళీ కలం పట్టవేమోనని ఆగాను. కోపం ఇంకా ఉంది, అయినా రాస్తున్నాను. భార్య అతని చెప్పుల కోసం రోడ్డు పక్కన వెతుక్కునే చోటు బాగుంది. అది నువ్వు చూసి రాశావు. మిగతాదంతా ఎక్కడో చదివిన బాధ.

కళాకారుడికి సమాజం పట్ల బాధ్యత ఉందా, కళ పట్ల మాత్రమేనా అని అడిగావు. నేను కథలు మొదలుపెట్టకముందు నుంచే ఈ ప్రశ్న మీద సభలు జరుగుతున్నాయి. శాలువాలు కప్పుకుని ఒకరు ఇటు అరగంట, ఒకరు అటు అరగంట మాట్లాడతారు. సమాజం అంత పెద్ద మాటతో నాకు ఎప్పుడూ పని జరగలేదు. నీ కథలో చచ్చిపోయాడే, ఆ మనిషి పట్ల నీకు బాధ్యత ఉంది. అతని చావుకు కారణమైనవాళ్ళను కథలోంచి తప్పించే హక్కు నీకు లేదు. నేను నమ్మేది ఇదే. ఇది నమ్మినందుకు నా కథలు చాలా తిరిగొచ్చాయి.

నీ నాయకుడు పౌరకార్మికుడు అన్నావు. బెంగళూరులో పౌరకార్మికులంటే రోడ్లు ఊడ్చేవాళ్ళు, కార్పొరేషన్ మనుషులు. మురుగు లైన్లు వేరే సంస్థవి, జలమండలివి. ఇది చిన్న తేడా అనుకోకు. ఈ తేడాతో పంపినవాడు మారిపోతాడు. ఊడ్చే మనిషి మ్యాన్‌హోల్‌లోకి దిగాడంటే, తనది కాని పని ఎవరో అతని చేత చేయించారన్నమాట. కథ అక్కడే ఉంది. నువ్వు దాని మీదుగా నడిచి వెళ్ళిపోయావు. ఇంకో సంగతి. వాళ్ళలో చాలామంది మన తెలుగువాళ్ళే, తాతల కాలంలో ఇక్కడికి వచ్చిన కుటుంబాలు. శ్రీరామపురంలో పొద్దున్నే గేటు తీస్తే మా వీధిలో వినిపించే తెలుగు వాళ్ళదే. అందులో సగం కన్నడం కలిసి ఉంటుంది. నీ కథలో అతను గోదావరి యాస మాట్లాడతాడు. ఆ యాస నీకు సినిమాల నుంచి వచ్చింది.

లోపల చావు ఎలా ఉంటుందో కూడా నువ్వు కనుక్కోలేదు. మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాస్ పుడుతుంది. కొద్దిగా ఉంటే కుళ్ళిన కోడిగుడ్ల వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముందు ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన తగ్గిందని లోపలున్నవాడు అనుకుంటాడు. నాలుగు ఊపిరులు తీసేలోపు పడిపోతాడు. పైనున్నవాడు వాణ్ణి లాగడానికి దిగి తనూ పడిపోతాడు. పేపర్లో ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఇద్దరు, ముగ్గురు ఎందుకు ఉంటారో ఇప్పుడు అర్థమైందా? నీ మనిషి లోపల నిలబడి పేజీ నిండా బాల్యం తలుచుకున్నాడు. అంత టైమ్ అక్కడ ఎవరికీ దొరకదు. ఆ పేజీ నీ కోసం రాసుకున్నావు, అతని కోసం కాదు.

ఇక ఆ మందు. ఆ కంపు తట్టుకోవడానికి తాగి దిగేవాళ్ళు ఉన్నారు, నిజమే. కానీ పంపినవాణ్ణి తీసేసి మందు మాత్రం ఉంచావు. అప్పుడు పాఠకుడికి ఏం మిగులుతుంది? తాగి పడ్డాడు, పాపం. మనిషి పోయాక కాంట్రాక్టరు పోలీసులకు చెప్పే మాట కూడా అదే. వాడి వాంగ్మూలం నువ్వు అందమైన తెలుగులో రాసిపెట్టావు.

పాకీ పని మాన్పించడానికి 1993లో ఒక చట్టం వచ్చింది, 2013లో ఇంకోటి. రెండో దాని ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దింపించడం నేరం. మొదటిసారికి రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అలా పోయిన మనిషి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. నీ కథలో ఆ భార్య విధిని తిడుతూ కూర్చుంది. ఆమెకు రావాల్సిన డబ్బు ఉంది, పెట్టాల్సిన కేసు ఉంది. ఆమె చేతిలోంచి అవన్నీ లాగేసుకుని విధిని పెట్టింది నువ్వు.

ఇలా రాస్తే కథ వ్యాసం అయిపోతుందని నీకు ఎవరైనా చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు. గురజాడ దగ్గరికి వెళ్ళు. విశాఖ జిల్లాలో డబ్బు తీసుకుని పిల్లల్ని ఇచ్చిన పెళ్ళిళ్ళ పట్టిక విజయనగరం మహారాజు తయారు చేయించారు. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు. ఐదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది వయసువాళ్ళు ముగ్గురు. 1897లో ‘కన్యాశుల్కం’ అచ్చు వేసినప్పుడు గురజాడ ముందుమాటలో ఆ లెక్క ఇచ్చారు. అంత లెక్క తెలిసిన మనిషి నాటకంలో ఏం చేశారు? ఆ పసిపిల్ల సుబ్బిని ముందు నిలబెట్టి మన చేత ఏడిపించారా? ఆమె కనిపించేదే తక్కువ. మనం చూసేది అమ్మే తండ్రిని, కొనే ముసలివాణ్ణి, మధ్యలో బతికే వాళ్ళని. ఆ తండ్రి అగ్నిహోత్రావధాన్లు నూరేళ్ళు దాటినా మనకు ముఖం తెలిసిన మనిషి. దాన్ని వ్యాసం అని ఎవరైనా అన్నారా?

మన పత్రికల సంగతి నీకు తెలియాలి. 2016 ఏప్రిల్‌లో ఈ ఊళ్ళో గార్మెంట్స్ ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళు రోడ్ల మీదికి వచ్చారు. పీఎఫ్‌లో యజమాని వాటా 58 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోకూడదని కేంద్రం రూల్ పెట్టింది. కుట్టుమిషన్ మీద అంతకాలం పనిచేసేవాళ్ళు ఎందరుంటారు? ఆ డబ్బుతోనే పిల్లల ఫీజులు, అప్పులు, ఆపరేషన్లు. హోసూరు రోడ్డు ఆగిపోయింది. రెండో రోజుకల్లా కేంద్రం వెనక్కి తగ్గింది. మా మేడ మీద అద్దెకున్న అమ్మాయిలు ఆ గుంపులో నడిచి వచ్చారు. వాళ్ళను కూర్చోబెట్టి విన్నాను, కథ రాశాను, రాసింది వాళ్ళకే చదివి వినిపించాను. తర్వాత ఒక పెద్ద పత్రికకు పంపాను. సంపాదకుడు ఫోన్ చేశాడు. ‘‘కథ బాగుందమ్మా, కానీ పీఎఫ్ రూల్స్ ఎవరు చదువుతారు? ఆ చిన్నమ్మాయి చేత ఆత్మహత్య చేయించండి, దీపావళి సంచికలో వేస్తాను’’ అన్నాడు. బతికి, పోట్లాడి, గెలిచి ఇంటికొచ్చి అన్నం వండుకుంటున్న పిల్లను నేను చంపాలట! చంపనన్నాను. ఆ కథ చాలాకాలం అలాగే పడి ఉంది. చివరికి వంద మంది కూడా చదవని చిన్న పత్రికలో వచ్చింది. ఆ అమ్మాయిలు ఐదు కాపీలు కొనుక్కున్నారు. ఆ సంపాదకుడు ఇప్పటికీ పోటీలకు న్యాయనిర్ణేత. బహుమతి కథల్లో ఎవరో ఒకరు ఉరి వేసుకుంటూనే ఉంటారు. కింద కామెంట్లలో ‘కన్నీళ్ళు ఆగలేదు మేడమ్’ అని వంద మంది. ఆ ఏడ్చినవాళ్ళలో ఒక్కరి నెల బడ్జెట్‌లోనైనా రూపాయి అటూ ఇటూ కదలదు. నీ కథ ఆ పోటీకి తయారైన కథలా ఉందని నాకు భయం వేసింది.

బి. బసవలింగప్ప పేరు విన్నావా? ఒకప్పుడు ఈ రాష్ట్రంలో మంత్రి, దళితుడు. మలం తల మీద మోయించడాన్ని ఆపించిన మనిషి. 1973లో మైసూరులో మాట్లాడుతూ కన్నడ సాహిత్యంలో చాలా భాగం ‘బూసా’ అన్నాడు. పశువులకు వేసే తవుడు. రాష్ట్రం భగ్గుమంది, ఆయన పదవి పోయింది. కానీ ఆ గొడవలోంచే కన్నడంలో దళిత, బండాయ (తిరుగుబాటు) రచయితలు లేచారు. నా దృష్టిలో ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. తల మీద బుట్ట ఎవరు పెట్టారో రాయని సాహిత్యం గురించి ఆయన ఇంకేం అనాలి? అలాంటి మాట తెలుగులో ఎవరైనా అని ఉంటే బాగుండేది.

కోలార్ బంగారు గనుల ఊరు ఇక్కడికి రెండు మూడు గంటల దూరం. బెజవాడ విల్సన్ అక్కడి తెలుగు ఇంట్లో పుట్టాడు, పాకీ పని చేసే కుటుంబం. ఆయన కథకుడు కాదు. ఆ పాకీదొడ్ల ఫోటోలు తీశాడు, అధికారులకు ఉత్తరాలు రాశాడు, 1990లలో సఫాయి కర్మచారీ ఆందోళన్ పెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. పైన చెప్పానే, 2014 తీర్పు, అది ఆ సంస్థ వేసిన కేసులో వచ్చిందే. ఎక్కడ, ఎవరి దొడ్డి, ఎవరి చేత ఎత్తిస్తున్నారు అని అడుగుతూ పోయాడు. కథ రాసేవాడు కూడా ముందు అడగాల్సింది అదే.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన సంగతికి వస్తాను. సర్జాపుర రోడ్డులో మూడు వందల ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నానని రాశావు. అంత పెద్ద దానికి కింద ఎస్‌టీపీ, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు, ఉండి తీరాలి. మీ అందరి మురుగూ చేరే ట్యాంకులు. ఈ ఊళ్ళో మనుషులు చనిపోయేది రోడ్డు మీది మ్యాన్‌హోల్స్‌లోనే కాదు, అపార్ట్‌మెంట్ల కింద ఉన్న ఆ ట్యాంకుల్లో కూడా. నీ మంచం కింద ఉన్న ట్యాంకును వదిలేసి, పేరు లేని వీధిలో మ్యాన్‌హోల్ దగ్గరికి ఎందుకు వెళ్ళావు?

ఎందుకో నాకు తెలుసు. అక్కడైతే పంపినవాడు కనిపించడు. ఇక్కడైతే వాడు నీకు రోజూ లిఫ్ట్‌లో ఎదురవుతాడు. మీ అసోసియేషన్ సెక్రటరీ మంచాయనే అయి ఉంటాడు. వినాయక చవితికి ప్రసాదం పంచుతాడు, పిల్లలకు క్రికెట్ నెట్ కట్టించాడు. వాట్సాప్ గ్రూపులో ఎవరో కంపు భరించలేకపోతున్నాం అని పెడతారు. మెషిన్ పిలిపిస్తే ఇంత అవుతుంది, మనుషులతో అయితే ఇంతలో అయిపోతుంది అని ఆయన కొటేషన్ పెడతాడు. మెయింటెనెన్స్ పెరగకూడదు కదా. నలభై మంది బొటనవేలు గుర్తు నొక్కుతారు. అందులో ఒకటి నీది కావచ్చు. ఆయన్ని రాక్షసుణ్ణి చేయకు, రాక్షసుణ్ణి చేస్తే మళ్ళీ నువ్వూ నేనూ తప్పించుకుంటాం. ఆ మంచితనంతో సహా ఆయన్ని రాయి. ఆ కొటేషన్ అంకెలు రాయి, ఆ బొటనవేళ్ళు రాయి. ట్యాంకులో ఉన్న మనిషి గురించి నాలుగు వాక్యాలు సరిపోతాయి.

నీ మిగతా ప్రశ్నల్లో కలం పేరు గురించి, పుస్తకం వేసుకోవడం గురించి ఉన్నాయి. వాటికిప్పుడు తొందర లేదు. పోటీ గడువు నెలాఖరు అన్నావు, అది పోతే పోనీ.

ఈ ఆదివారం కిందికి వెళ్ళి ఆ ఎస్‌టీపీ ఆపరేటరుతో మాట్లాడు. ట్యాంకు ఎన్నాళ్ళకోసారి కడుగుతారు, ఎవరు దిగుతారు, లోపల గ్యాస్ చూసే మీటరు ఉందా, కాంట్రాక్టు కాగితంలో ఎవరి సంతకం ఉంది, అడుగు. వాళ్ళ పేర్లు కథలో పెట్టకు, ఉద్యోగాలు పోతాయి. సెక్రటరీ ఏమన్నాడో కూడా నాకు రాయి. తర్వాత కథ పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
బెంగళూరు నుంచి అమ్మలాంటి ఒక రచయిత్రి