రెజిన్ బొమ్మకి రంగు ఎందుకు నిలవదు?

ప్రశ్న: కొత్తగా రెజిన్ బొమ్మ కిట్ (విడిభాగాలు అతికించి రంగులు వేసుకునేది) మొదలుపెట్టాను. రంగుకి ముందు వేసే ప్రైమర్ పూత ఆరాక మాస్కింగ్ టేప్ అంటించి తీస్తే ప్రైమరే పొరలా లేచొచ్చింది. ఫెవిక్విక్‌తో అతికించిన చేతులు కాస్త తగిలినా ఊడిపోతున్నాయి. కిట్ నాసిరకమా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: కిట్‌ని అనుమానించక్కర్లేదు. రెజిన్ భాగాల్ని సిలికాన్ అచ్చుల్లో పోస్తారు. అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి పూసే రిలీజ్ ఏజెంట్ జిడ్డు వాటి మీదే మిగిలిపోతుంది. అచ్చుకి అంటుకోనివ్వనిది ప్రైమర్‌ని మాత్రం అంటుకోనిస్తుందా? పట్టు లేని ప్రైమరంతా గీకేసి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి, బట్టల మడతలూ వేళ్ల సందులూ పాత టూత్‌బ్రష్‌తో తోమండి. టబ్బులోనే కడగండి, సింకులో అయితే చిటికెనవేలంత ముక్క గొట్టంలోకి జారిపోతుంది. అరగదీత పనంతా అయ్యాక, ప్రైమర్‌కి ముందు మరోసారి కడిగి, పూర్తిగా ఆరనివ్వండి.

ఇక చేతులు. ఫెవిక్విక్ గట్టిగానే పట్టుకుంటుంది గానీ ఆరాక పెళుసు. పక్కనుంచి దెబ్బ తగిలితే ఆగదు. లోపల తీగ ఉండాలి. భుజం మధ్యలో తడి రంగు చుక్క పెట్టి మొండేనికి అద్దితే ఎదురు రంధ్రం ఎక్కడ పెట్టాలో చూపే ముద్ర పడుతుంది. 1 మి.మీ. బిట్టు పెట్టిన చేతి డ్రిల్లుతో రెండు వైపులా 5 మి.మీ. లోతు తొలవండి. అదే మందం ఇత్తడి తీగని 9 మి.మీ.కే కత్తిరించండి. సరిగ్గా 10 పెడితే అడుగు తగిలి అతుకు మూసుకోదు. ముందు జిగురు లేకుండా బిగించి చూసుకోండి. బరువు మోసే కాళ్లకి 2 మి.మీ. తీగ, ఆరల్డైట్ మేలు. ఈ సరంజామాకి సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగి చూడండి.

ప్రశ్న: భాగాలకి అంటుకుని వచ్చిన రెజిన్ మొద్దుల్ని కటింగ్ ప్లయర్‌తో తుంచితే పెచ్చులూడాయి. బొమ్మ చేతిలోని కత్తి కూడా వంకరగా వచ్చింది. ఎం-సీల్‌తో సరిచేయొచ్చా?
– ఒక పాఠకురాలు, సైనిక్‌పురి

జవాబు: పెద్ద పెచ్చులకి, అతుకుల సందులకి ఎం-సీల్ పనికొస్తుంది. ముఖం దగ్గర వద్దు, దాని రేణువు మోటు. గాలి బుడగల బెజ్జాలకి ఫెవిక్విక్‌లో టాల్కం పౌడర్ కలిపి టూత్‌పిక్‌తో అద్దండి. గట్టిపడిన గంటలోపే రుద్దాలి. మర్నాటికి అది రెజిన్‌ని మించి గట్టిపడుతుంది, చుట్టూ రెజిన్ అరిగిపోయి మధ్యలో బొడిపె మిగులుతుంది.

ఇకమీదట మొద్దుల్ని సన్నపళ్ల రంపంతో, భాగానికి 1 మి.మీ. ఎడంగా కోయండి. మిగిలింది 240 నంబర్ వాటర్ పేపర్‌తో, ఆపై 400, 600తో తడిపి రుద్దండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, ఎన్95 మాస్కు తప్పనిసరి. కత్తిని బాగా వేడి నీళ్లలో నిమిషం ముంచి, గాజు పలక మీద తిన్నగా నొక్కి, అలాగే చన్నీళ్లు పోయండి. మే నెలలో మూసిన కారులో వదిలారో, మళ్లీ వంగుతుంది.

ప్రశ్న: స్ప్రే ప్రైమర్ ఒకసారి ఇసుక చల్లినట్టు, ఒకసారి తెల్లగా పొగమంచు పట్టినట్టు వస్తోంది.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మొదటిది మధ్యాహ్నపు వేడికి తుంపర గాలిలోనే ఆరిపోవడం వల్ల, రెండోది వానాకాలపు తేమ వల్ల. ఎండాకాలంలో పొద్దున్నే కొట్టండి, ముసురు రోజున డబ్బా ముట్టుకోవద్దు. 20 సెం.మీ. దూరంనుంచి పలచగా రెండు మూడు పూతలు చాలు.