మీడియేషన్‌లో ఒప్పుకున్నాడు, రికార్డింగ్ కోర్టులో పెట్టొచ్చా?

ప్రశ్న: విడాకుల కేసు వేసింది మా ఆయనే. సమన్లు అందాక నేను వకీలును పెట్టుకున్నాను. ఫ్యామిలీ కోర్టు మమ్మల్ని మీడియేషన్‌కి పంపింది. అక్కడ ఆయన ఏడ్చాడు, నా 30 తులాల బంగారం వాళ్లమ్మ దగ్గరే ఉందని ఒప్పుకున్నాడు. చివరికి రాజీ కుదరలేదు. ఆ మాటలన్నీ ఫోన్‌లో రికార్డు చేశాను, సాక్ష్యంగా పనికొస్తాయా? మనసు విరిగి తర్వాతి రెండు వాయిదాలకు వెళ్లలేదు. నన్ను ఎక్స్‌పార్టీ చేశారని, అంటే నేను లేకుండానే కేసు నడుపుతున్నారని విన్నాను.

జవాబు: మీ ఉత్తరం నిండా బంగారం, ఆయన కన్నీళ్లే ఉన్నాయి. మీ కేసును తేల్చేది మాత్రం చివర్లో రాసిన ఆ ఒక్క ముక్క. ఎక్స్‌పార్టీ చేసి ఊరుకున్నారా, డిక్రీ, అంటే తుది ఉత్తర్వు కూడా ఇచ్చేశారా? ఇంత ముఖ్యమైన విషయాన్ని ఎవరో చెబితే వినడమేమిటమ్మా? ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక నంబరు) కొడితే కేసు ఏ దశలో ఉందో, తర్వాతి వాయిదా ఎప్పుడో కనిపిస్తుంది. ఈరోజే చూడండి. మీడియేషన్ విఫలమైతే కేసు ఆగిపోదు, తిరిగి కోర్టుకే వస్తుంది. మళ్లీ ఎవరో నోటీసు పంపుతారని ఎదురుచూడకూడదు.

డిక్రీ ఇంకా రాకపోతే, వాదనలు ముగించి తీర్పుకు రిజర్వ్ చేసేలోపే, మీ గైర్హాజరుకు కారణం చూపి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 7 కింద పిటిషన్ వేయండి. డిక్రీ వచ్చేసి ఉంటే రూల్ 13 కింద రద్దు కోరాలి, గడువు 30 రోజులే. సమన్లు మీకు అందాయి కాబట్టి ఆ లెక్క డిక్రీ తేదీ నుంచే మొదలవుతుంది. నాకు ఆలస్యంగా తెలిసిందంటే కుదరదు. డిక్రీ సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చాక చూద్దామని కూర్చోవద్దు, ఈ పిటిషన్‌కు ఆ రోజులు మినహాయించరు. గడువు దాటితే జాప్యం మన్నించమని వేరే పిటిషన్ వేసి, ఆలస్యానికి కారణాన్ని ఆధారాలతో చూపించాలి. మనసు విరిగిందన్న మాట ఒక్కటే అక్కడ చాలదు. అప్పీలు గడువు కూడా అయిపోతే ఆయన చట్టప్రకారం మరో పెళ్లి చేసుకోవచ్చు.

ఇక ఆ రికార్డింగ్. దాన్ని కోర్టులో పెట్టకండి, బంధువుల వాట్సాప్ గ్రూపుల్లోనూ తిప్పకండి. మీడియేషన్‌లో మాటలు గోప్యం. రాజీ కుదిరితే సంతకాలు చేసిన ఒప్పందం, కుదరకపోతే కుదరలేదన్న ఒక్క ముక్క తప్ప మీడియేటర్ కోర్టుకు ఇంకేమీ రాయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మీడియేటర్‌ను సాక్షిగా పిలవడమూ కుదరదు. భార్యాభర్తల ఫోన్ సంభాషణల రికార్డింగ్ చెల్లుతుందని 2025లో వచ్చిన తీర్పును ఎవరైనా చూపించినా నమ్మి దిగకండి, అది ఆ ఇద్దరి మధ్య మాటల సంగతి, మీడియేషన్ గదిది కాదు.

బంగారానికి సాక్ష్యం బయట వెతకండి: నగల షాపు బిల్లులు, మీ నాన్నగారి బ్యాంకు స్టేట్‌మెంట్, మెడలో ఏ హారం ఉందో స్పష్టంగా కనిపించే పెళ్లి ఫొటోలు, లాకర్ ఎవరి పేరున ఉందో ఆ వివరం. మీ ఆయన ఆదాయం గురించి బెంగ వద్దు, భరణం పిటిషన్ వేస్తే ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ దాఖలు చేయాల్సిందేనని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

మీ వకీలు పలకకపోతే ఆయన దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తీసుకుని మార్చండి. డబ్బు ఇబ్బందైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఎక్స్‌పార్టీ రద్దయ్యాక మళ్లీ మీడియేషన్ అడగొచ్చు. ఈసారి ఏ నగ, ఎంత బరువు, ఏ తేదీకి, ఎవరి ముందు అప్పగిస్తారో అన్నీ కాగితం మీద రాయించి, ఇద్దరి సంతకాలు పడి, అది కోర్టు ఉత్తర్వులోకి ఎక్కేదాకా మీ కేసుల్లో ఒక్కటీ వెనక్కి తీసుకోవద్దు.