ట్రఫుల్ ఎక్కడ పెరుగుతుంది, దాన్ని కుక్కలతోనే ఎందుకు వెతికిస్తారు?

ఇటలీలోని టస్కనీ ప్రాంతపు సాన్ జొవాన్ని దాస్సో ఊరిలో ఉన్న ట్రఫుల్ మ్యూజియం చూడబోయే ముందు మీరు ఈ ప్రశ్న అడిగారు. మన హైదరాబాద్ బేకరీల్లో దొరికే చాక్లెట్ ట్రఫుల్‌కు నేలలో పెరిగే ఈ తినదగిన శిలీంధ్రంతో రూపసామ్యం తప్ప సంబంధం లేదు.

వానాకాలంలో మన పుట్టల మీద మొలిచే పుట్టగొడుగులు నేలపైన గొడుగు విప్పుతాయి. ట్రఫుల్ మాత్రం ఓక్, హేజెల్ వంటి చెట్ల వేళ్లను అల్లుకొని, వాటికి నీటినీ లవణాలనూ అందిస్తూ బదులుగా చక్కెరలను పొందే శిలీంధ్రానికి మట్టిలోనే కాసే ఫలం వంటిది. సున్నం ఎక్కువగా ఉన్న నేలలు దీనికి అనుకూలం. నల్లరకం ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీ దేశాల్లో పెరుగుతుంది. ఎంతో ఖరీదైన తెల్లరకానికి ఇటలీలోని ఆల్బా ప్రాంతం ప్రసిద్ధి.

మట్టిలో ఉన్నందువల్ల దీని బీజాలు గాలిలో ఎగరలేవు. జంతువులు తవ్వి, తిని, వేరొకచోట విసర్జిస్తేనే అవి వ్యాపిస్తాయి కనుక జంతువులను రప్పించే ఘాటైన వాసన దీనికి అవసరం. పూర్వం ఆ వాసనతో దీన్ని వెతికించడానికి ఆడపందులను వాడేవారు. అవి దొరికినదాన్ని తినేయడమే కాక, నేలను కుళ్లగించి శిలీంధ్రపు పోగులను పాడుచేస్తాయని ఇటలీ 1985లో వాటిని నిషేధించింది. కుక్కకు ట్రఫుల్ మీద మోజు లేదు, చిన్న బిస్కెట్టు చాలు. ఇటలీలోని ఈ అన్వేషణ విద్యను యునెస్కో 2021లో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.