వీల్ బేరింగ్ నట్ ఎంత బిగించాలి? ముందు మీది ఏ బేరింగో చూడండి

"ఇంట్లోనే వీల్ బేరింగ్ మార్చాను, నట్‌ను బలంకొద్దీ బిగిస్తే చాలా?" అని అడిగారు. చాలదు సరికదా, టేపర్ రోలర్ బేరింగ్ (ఏటవాలు రోలర్లున్న రకం) అయితే కొత్తది మళ్లీ కొనాల్సి వస్తుంది. ఎంత బిగించాలని అందరూ అడుగుతారు, లోపల ఏ బేరింగ్ ఉందో మాత్రం ఎవరూ చెప్పరు.

మా బాబాయికి పాత కారు ఒకటి ఉండేది. ఇంజిన్ బలం వెనక చక్రాలకు వెళ్లే రకం, ముందు హబ్బుల్లో, అంటే చక్రం బిగించే నడిమి భాగాల్లో, టేపర్ బేరింగులు. ఒక మెకానిక్ కొత్తవి వేసి, పానాకు పైపు తొడిగి మరీ బిగించి పంపాడు. కొన్నాళ్లకే కుడి చక్రం దగ్గర కమురు వాసన మొదలైంది. విప్పి చూస్తే గ్రీజు కరిగి సీలు దాటి కారిపోయింది. రోలర్లు, అవి దొర్లే ఉక్కు వలయాలైన రేసులు నీలం తిరిగాయి. విపరీతంగా వేడెక్కిన ఉక్కుకు వచ్చే రంగు అది.

కొత్త బేరింగులు నేనే వేశాను. హబ్‌లోని పాత రేసులు కూడా కొట్టి తీసేశాను. రోలర్లు మాత్రం మార్చి పాత రేసు అలాగే ఉంచే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అవి రెండూ జంటగానే అరుగుతాయి. రోలర్ల సందుల్లోకి గ్రీజు దట్టించి, హబ్ ఎక్కించి, ఒక చేత్తో చక్రం తిప్పుతూనే రెండో చేత్తో నట్‌ను ఇంచుమించు 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల (బిగింపును కొలిచే ప్రమాణం) దాకా బిగించాను. చక్రం తిరుగుతూ ఉంటేనే రోలర్లు తమ చోట్లో సర్దుకుంటాయి. తర్వాత నట్ పూర్తిగా వదులు చేసి, మళ్లీ వేళ్లతో ఆనేంత వరకే తిప్పాను.

బాబాయ్ చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశాడు. "ఒరేయ్, ఇంకా కొంచెం కదులుతోందిరా, ఇంకో పట్టు పట్టు" అన్నాడు. "ఆ కాస్త కదలిక ఉండాల్సిందే బాబాయ్" అన్నాను. మామూలుగా 0.03 నుంచి 0.13 మిల్లీమీటర్ల దాకా ప్లే, అంటే ఆ కదలిక, ఉండాలి. బండి నడిచి లోహం వేడెక్కి వ్యాకోచించినప్పుడు దానికి చోటు కావాలి కదా. నట్ తిరిగిపోకుండా అడ్డంగా దూర్చే కాటర్ పిన్ రంధ్రం నట్ గాడికి కలవలేదు. బిగించి కలపమన్నాడు. నేను వెనక్కి తిప్పే కలిపాను. ముందుకు తిప్పితే అప్పటిదాకా చేసిన సర్దుబాటంతా పోయినట్టే. పిన్ కూడా కొత్తదే వేశాను. అంత చవక వస్తువును సాగదీసి మళ్లీ వాడటానికి మనసెలా వస్తుందో! ఆ తర్వాత ఆ చక్రం ఎప్పుడూ వేడెక్కలేదు.

ఇక ఇప్పటి కార్లలో ఎక్కువగా ఉండే సీల్డ్ బేరింగుల (ఒకే ముక్కగా మూసి వచ్చేవి) సంగతి పూర్తిగా వేరు. వాటికి ప్లే మనం పెట్టేది కాదు, తయారీలోనే ఉంటుంది. నట్ పని లోపలి రేసులు రెండింటినీ గట్టిగా నొక్కి పట్టడం. అందుకే 200 న్యూటన్ మీటర్లు, ఆ పైన కూడా అడుగుతాయి. ఖచ్చితమైన అంకె మీ కారు సర్వీస్ మాన్యువల్‌లోదే. అక్కడ ఎంత బిగిసిందో చూపే టార్క్ రెంచ్ తప్పనిసరి. ఇంపాక్ట్ గన్‌తో టకటకా బిగించేసి "అయిపోయింది" అనే వీడియోలను నమ్మకండి, అది ఎంత బిగించిందో దాన్ని పట్టుకున్నవాడికే తెలియదు. నట్ పూర్తిగా బిగించకముందు కారు బరువు ఆ చక్రం మీద మోపకూడదు, బేరింగ్ దెబ్బతింటుంది. అందుకని చక్రం గాల్లో ఉండగానే ఎవరినైనా బ్రేకు తొక్కమని చెప్పి బిగించండి.

కాటర్ పిన్ ఉంది కాబట్టి టేపర్ బేరింగే అనుకోకండి, ఇంజిన్ బలంతో చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ నట్లకూ అది ఉంటుంది. హబ్‌లోంచి లోపలిదొకటి, బయటిదొకటి విడివిడిగా బేరింగులు చేతికొచ్చాయా, లేక అంతా ఒకే ముక్కగా ఉందా? అది చూసి, మోడలూ ముందు చక్రమో వెనక చక్రమో కూడా రాయండి.