ఏఐ చూపిన తీర్పును కోర్టులో దాఖలు చేయవచ్చా?

ప్రశ్న: పిత్రార్జిత ఆస్తిలో వాటా కోసం అన్నదమ్ములపై భాగ దావా వేశాను. మా అబ్బాయి చాట్‌జీపీటీని అడిగితే నాకు అనుకూలంగా మూడు సుప్రీంకోర్టు తీర్పులు చూపించింది. మా వకీలుగారు మాత్రం వాటిని యథాతథంగా దాఖలు చేయనంటున్నారు. ఇది సబబేనా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సబబే. మీరు రాసి పంపిన మూడింటిలో వినీతా శర్మ వర్సెస్ రాకేశ్ శర్మ నిజమైన తీర్పే. కుమార్తెలకు సమాన వాటా ఇచ్చిన హిందూ వారసత్వ చట్టం 6వ సెక్షన్ సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి జీవించి లేకపోయినా, పుట్టుకతో వచ్చిన హక్కు కుమార్తెకు ఉంటుందని 2020 ఆగస్టు 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అందులో తేల్చింది. మిగిలిన రెండూ సుప్రీంకోర్టు ఉచితంగా అందించే తీర్పుల ఆన్‌లైన్ భాండాగారం ఈ-ఎస్‌సీఆర్‌లో గానీ, నా దగ్గరున్న సంపుటాల్లో గానీ నాకు కనబడలేదు.

ఇటువంటి యంత్రాలు తీర్పును తెరిచి చదవకుండానే, తీర్పులా వినిపించే పేరును, సంపుటం, పేజీ సంఖ్యలతో సహా అల్లిపెట్టగలవు. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఒక విమానయాన సంస్థపై నడిచిన కేసులో లేని తీర్పులను ఉదహరించినందుకు ఇద్దరు న్యాయవాదులకు, వారి సంస్థకు కలిపి 5,000 డాలర్ల జరిమానా విధించింది. మన దగ్గరైతే అడ్వొకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద వృత్తిపరమైన దుష్ప్రవర్తన ఫిర్యాదుకు కూడా అది దారి తీయవచ్చు. కాగితం మీద సంతకం వకీలుదే కదా!

మునుపు మా బార్ లైబ్రేరియన్ దగ్గరికి “ఈ పాయింటు మీద తీర్పు వెతికిపెట్టండి” అని వెళ్లేవాళ్లం, ఇప్పుడు జూనియర్లు ఏఐ జాబితా పట్టుకొచ్చి “ఇవి అసలు ఉన్నాయా?” అని అడుగుతున్నారు. మొన్న ఒకరు చెప్పిన పేజీని ఆయన తెరిస్తే, అక్కడున్నది ఏదో అద్దె తగాదాలో నడిమి భాగం. పని తగ్గుతుందనుకున్న ఆయనకు తనిఖీ పని అదనంగా వచ్చిపడింది.

తీర్పు దొరికాక కూడా, దాని తెలుగు అనువాదం మీరు అర్థం చేసుకోవడానికే. కోర్టులో ప్రామాణికం ఆంగ్ల ప్రతి మాత్రమే. మీ దస్తావేజులను, వకీలుగారితో మాట్లాడుకున్న సంగతులను చాట్‌బాట్‌లో ఎక్కించవద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యం, 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన దస్తావేజుతో గానీ, కోర్టు డిక్రీతో గానీ పంపకం జరిగిందా అన్నది. జరిగి ఉంటే హిందూ వారసత్వ చట్టం 6వ సెక్షన్ సవరణ దాన్ని కదిలించదు గనుక, ఆ కాగితాన్ని ముందు మీ వకీలుగారికి చూపండి.