జలుబు మందు

తమ్ముడూ,

నీ నాటకం అందింది. రెండుసార్లు చదివాను, మొదటిసారి రాత్రి ఏకబిగిన, రెండోసారి పొద్దున్నే పెన్సిల్ పట్టుకుని. డైలాగు నీ చేతికి బాగానే లొంగుతోంది. రంగం ఎక్కడ ఆపాలో కూడా తెలుసు. నా పేచీ అంతా సరోజతోనే. వేదిక మీదికి వచ్చిన ప్రతిసారీ స్త్రీ అంటే శక్తి అని అరపేజీ మాట్లాడుతుంది. ఆమె ఎవరికి బాకీ ఉందో, ఏం తింటే ఒంటికి పడదో, ఎవర్ని చూస్తే ఒళ్ళు మండుతుందో చివరిదాకా నాకు తెలియలేదు. గౌరవంగా రాయాలని బాగా టెన్షన్ పడినట్టున్నావు. ఆ గౌరవమే ఆమెను గోడకు తగిలించిన ఫోటోని చేసింది, దండ ఒక్కటే తక్కువ.

ఎమ్మే ఇంగ్లీషు చదివావు కాబట్టి నీ సిలబస్‌లోంచే ఒక ముక్క తీస్తాను. ఇంగ్లీషు నాటకకర్త వెబ్‌స్టర్ రాసిన 'డచెస్ ఆఫ్ మాల్ఫీ' గుర్తుందా? 1613-14 ప్రాంతపు నాటకం. భర్త పోయిన డచెస్, తన దివాణం వ్యవహారాలు చూసే ఆంటోనియోను రహస్యంగా పెళ్ళి చేసుకుంటుంది. అన్నదమ్ములిద్దరికీ అది కంటగింపు. నాలుగో అంకంలో ఆమెను చంపడానికి మనుషులు తాడుతో వస్తారు. 'నేనింకా మాల్ఫీ డచెస్‌నే' అనేది ఆ రంగంలోనే. క్లాసులో అందరూ ఆ మాట కింద గీత గీస్తారు. నేను గీసింది ఇంకాస్త కిందికి దిగాక. దాసి కరియోలాను లాక్కుపోతుంటే ఆమెకు చెబుతుంది కదా: బాబుకి జలుబు చేసింది, కాస్త మందు పట్టు, పాప చేత నిద్రపోయే ముందు ప్రార్థన చేయించు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. అంతకు ముందు రంగంలోనే మొగుడూ పిల్లలూ చచ్చిపడి ఉన్నట్టు మైనపు బొమ్మలు పెట్టి ఆమెను నమ్మించారు. మరి చచ్చిన పిల్లాడికి మందేమిటి? వెబ్‌స్టర్ లెక్క తప్పాడంటారు. తప్పితే తప్పనీ, ఆ తప్పు నాకిష్టం. నాటకం మొత్తంలో ఆమెకు సొంత పేరు కూడా లేదు, పదవి పేరుతోనే పిలుస్తారు. అయినా ఆ రెండు మాటల దగ్గర ఆవిడ మన ఎదురింటావిడ అయిపోతుంది.

నాకిది పుస్తకంలో అర్థం కాలేదు. నా మొదటి నాటకం ఒక పరిషత్తు పోటీకి తయారవుతోంది. రెండో రంగంలో హీరో నాలుగు పేజీలు మాట్లాడతాడు, భార్య వింటూ నిలబడాలి. ఆ వేషం వేసే ఆవిడ రిహార్సల్లో అడిగింది, "నేనేం చెయ్యాలి సార్?" "ఫీలవుతూ ఉండమ్మా" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా. మర్నాడు ఇంటి దగ్గర్నుంచి చేటలో బియ్యం తెచ్చుకుంది. అతను మాట్లాడుతుంటే రాళ్ళు ఏరుతూ కూర్చుంది. ఒక చోట ఆమె చెయ్యి ఆగింది. అక్కడ మా ట్రూపులో కుర్రాళ్ళంతా హీరోని వదిలేసి ఆమెనే చూశారు. ఆ రాత్రి ఇంటికెళ్ళి హీరో మాటలు మూడు పేజీలు కొట్టేశాను.

ఆ చేటలాంటిదే షేక్‌స్పియర్ 'ఒథెల్లో' నాలుగో అంకం మూడో రంగం. భర్త పడుకోమని చెప్పి వెళ్ళాడు. పరిచారిక ఎమీలియా సాయంతో ఒథెల్లో భార్య డెస్డిమోనా నగలూ పైబట్టలూ తీసి పడకకు సిద్ధమవుతోంది. అమ్మ దగ్గర పనిచేసిన బార్బరీ అనే పిల్ల పాడుకున్న పాట నోట్లో ఆడుతోంది. మధ్యలో ఆపి, ఎవరో తలుపు కొట్టారంటుంది. గాలమ్మా అంటుంది ఎమీలియా. కళ్ళు దురద పెడుతున్నాయి, ఏడుపు రాబోతోందా అని డెస్డిమోనా అడుగుతుంది, మన ఇళ్ళల్లో కన్నదిరితే అడిగినట్టు. కథ అంగుళం కూడా ముందుకు జరగదు. చివర్లో ఎమీలియా అంటుంది, మొగుళ్ళకి లాగే పెళ్ళాలకీ చూపూ వాసనా ఉన్నాయి, తీపీ పులుపూ వాళ్ళ నాలుకకీ తెలుసు అని. నీ సరోజ అరపేజీ ఇక్కడ ఒక్క నాలుకలో ఇమిడిపోయింది చూడు. 1622లో విడిగా అచ్చయిన చిన్న సైజు క్వార్టో ప్రతిలో ఆ పాటా లేదు, ఆ మాటలూ లేవు. మరుసటి ఏడు షేక్‌స్పియర్ నాటకాలు కలిపి వేసిన పెద్ద పుస్తకం ఫోలియోలో ఉన్నాయి.

ఈ వేషాలన్నీ అప్పుడు కట్టింది కుర్రాళ్ళు. 1660 దాకా ఇంగ్లండ్ పబ్లిక్ నాటకశాలల్లో అదే పద్ధతి. మనకిదేం కొత్త కాదు, స్థానం నరసింహారావు గారి సత్యభామను ఇప్పటికీ తలుచుకుంటాం. నాకు ముచ్చటేసేది షేక్‌స్పియర్ 'ఆంటొనీ అండ్ క్లియోపాత్రా'లో రాణి క్లియోపాత్రా. రోమ్‌లో ఎవడో కీచుగొంతు కుర్రాడు నా వేషం కట్టి నన్ను అల్లరిపాలు చేస్తాడని భయపడుతుంది. ఆ మాట అంటున్నవాడే ఒక కుర్రాడు! తన మాట మీదా ఆ కుర్రాడి మీదా ఎంత నమ్మకం ఉంటే షేక్‌స్పియర్ అలా రాసి ఉంటాడు?

ఆ నాటకకర్తలంతా ఆడవాళ్ళ పక్షమని చెప్పడం లేదు సుమా. షేక్‌స్పియర్ 'టేమింగ్ ఆఫ్ ద ష్రూ' చివర కేట్ చేత, భార్య భర్తకు అణిగి ఉండాలని 44 పంక్తులు చెప్పించారు. నాకు ఈనాటికీ అది మింగుడుపడదు. షేక్‌స్పియర్ బతికుండగానే ఫ్లెచర్ అనే మరో నాటకకర్త దానికి జవాబు నాటకం రాశాడు. అందులో కేట్ పోయాక వచ్చిన రెండో భార్య ఆ మొగుణ్ణే దారికి తెస్తుంది. కేట్ ఉపన్యాసం మన సరోజ ఉపన్యాసానికి తలకిందుల రూపం, అంతే. రెండు చోట్లా మాట్లాడేది రచయిత.

'మాక్‌బెత్' నాటకంలో లేడీ మాక్‌బెత్‌నీ ఒకసారి తిరగేయి. కరుణ వద్దు, క్రూరత్వంతో నింపమని దుష్టశక్తుల్ని పిలుచుకున్న మనిషి, రాజును తానే ఎందుకు పొడవలేదో ఒక్క ముక్కలో చెబుతుంది: నిద్రలో మా నాన్నలా కనిపించాడు. 1785లో ఆ వేషం కట్టిన ఇంగ్లీషు నటి సారా సిడన్స్, నిద్రలో నడిచే రంగంలో చేతిలో దీపాన్ని కింద పెట్టేసింది. అంతకు ముందు నటీమణులు పట్టుకునే ఉండేవారు. థియేటర్ యజమాని షెరిడన్ వద్దన్నా వినలేదు. రెండు చేతులూ ఖాళీ లేకపోతే నెత్తురు ఎలా కడుక్కుంటుంది మరి?

ఇక పనిలోకి రా. మూడో రంగంలో సరోజ పుట్టింటి నుంచి తిరిగొస్తుంది కదా, ఆ రంగం ఒక్కటే మళ్ళీ రాయి. మిగతాది ముట్టుకోకు. ఆమె చేతిలో సంచి ఉందని రాశావు. అందులో ఏముందో రాయలేదు. స్టేజీ మీద ఆ సంచి విప్పించు. వాళ్ళమ్మ ఏం పెట్టి పంపిందో, అందులో ఏది మొగుడికి కనపడకుండా దాస్తుందో చూడాలని నాకుంది. పండగ లోపు పంపితే చదివి పెడతాను. ఈసారి కాస్త పెద్ద అక్షరాల్లో ప్రింటు తియ్యి, నా కళ్ళజోడు మార్చాల్సి ఉంది.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య